చేతుల సాయం లేకుండా

ఇకమీదట ముసలితనం అనేది ఉండదని వృద్ధుల సంక్షేమ శాఖ మంత్రిగారు సోమవారం ఉదయం పదిన్నరకు ప్రకటించారు. ఎప్పటినుంచి ఉండదు సార్ అని ఒక విలేకరి అడిగాడు. పథకం మొదలైన రోజునుంచి, అన్నారు మంత్రిగారు. పథకం పేరు నాట్యారోగ్యం. బలహీనంగా ఉన్న వృద్ధులందరి చేతా ప్రభుత్వమే డాన్సు చేయిస్తుంది. డాన్సు చేస్తే కాళ్ళకు పట్టు దొరుకుతుందని, తూలిపోవడం తగ్గుతుందని, మనసు హుషారుగా ఉంటుందని డాక్టర్లు చెబుతున్నారని ఆయన కాగితం చూసి చదివారు. ముసలితనం ఉండదన్న మాట మాత్రం కాగితంలో లేదు. అది ఆయన సొంతం. గొప్ప మాటలు ఆయనకు ఎప్పుడూ కాగితం పక్కన పెట్టాకే తడతాయి.

ఆ ప్రకటన టీవీలో వస్తున్న సమయానికి ప్రభుత్వ వృద్ధాశ్రమం భోజనాల హాల్లో టైలరమ్మ కుర్చీ వీపు పట్టుకుని డాన్సు చేస్తోంది. డాన్సు అంటే మరీ ఊహించుకోకండి. ఎడమ కాలి మీది బరువు కుడి కాలి మీదికి, కుడి కాలిది మళ్ళీ ఎడమ కాలి మీదికి. మడమ ఒకసారి, మునివేళ్ళు ఒకసారి. పాట జోరందుకుంటే కుర్చీ వదిలి ఒకసారి చప్పట్లు, వెంటనే మళ్ళీ కుర్చీ.

టైలరమ్మకు డెబ్భై ఆరేళ్ళు. నలభై ఏళ్ళు మిషను తొక్కిన మనిషి. ఇప్పటికీ కొత్తవాళ్ళు కనిపిస్తే మొహం కంటే ముందు నడుం కొలత చూస్తుంది. కిందటేడు బాత్‌రూంలో జారిపడితే తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది గాని ఆ తరవాత ఒంటరిగా లేవాలంటే గుండె దడ. మంచం పక్కన బెల్లు నొక్కాలి, ఆయా రావాలి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాలి. ఇరవై రెండు మంచాలకు ఒక్క ఆయా. మంచి మనిషే, కాకపోతే అందరిలాగే ఆవిడకూ రెండే చేతులు. జీవితంలో ఒక్కరికీ చెప్పిన రోజు దాటించి బట్టలు ఇవ్వని టైలరమ్మ, తన బాత్‌రూం కోసం తనే వాయిదాలు ఒప్పుకోవాల్సి వచ్చింది. కొన్ని రోజులు ఆయా సమయానికి అందుకోలేకపోయింది. ఆ రోజుల గురించి టైలరమ్మ ఎవరితోనూ మాట్లాడదు.

నాలుగు నెలల కిందట ఆశ్రమానికి ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఒకతె ఉద్యోగానికి వచ్చింది. అందరూ ఆమెను ఫిజియో అమ్మాయి అంటారు. వారానికి మూడు రోజులు భోజనాల బల్లలు గోడవైపుకి తోసి, పదకొండు కుర్చీలు గుండ్రంగా వేసి, తన ఫోన్లో పాత పాటలు పెట్టేది. ఫోను స్టీలు గ్లాసులో నిలబెడితే పాట హాలంతా వినిపించేది. అన్నిటికన్నా ముందు నేర్పింది కుర్చీలోంచి లేవడం. కాళ్ళు వెనక్కి లాగండి, ముందుకు వంగండి, ముక్కు మోకాళ్ళు దాటాలి, ఒకటి, రెండు, మూడు. మొదటి నెలంతా టైలరమ్మకు రెండు దాకానే వచ్చేది. నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం ఎవరినీ పిలవకుండా లేచి, గోడ వెంబడి నడిచి, బాత్‌రూంలోకి వెళ్ళి లోపలినుంచి గడియ పెట్టుకుంది. ఆ గడియ చప్పుడు విని లోపలే నిలబడి కాసేపు ఏడ్చింది. అంత సంతోషం ఆవిడకు మొదటి మిషను కొనుక్కున్న రోజున కూడా కలగలేదు.

కాబట్టి మంత్రిగారి ప్రకటన విని హాల్లో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది టైలరమ్మే. పక్క కుర్చీ కండక్టర్‌ది. ముప్ఫై ఏళ్ళు కదిలే బస్సులో నిలబడి టిక్కెట్లు కొట్టిన డెబ్భై తొమ్మిదేళ్ళ పెద్దమనిషి. ఆయన మాత్రం చప్పట్లు కొట్టలేదు.

"ప్రభుత్వం ఎక్కిందంటే ఇక బస్సు మనది కాదు చెల్లెమ్మా," అన్నాడు.

బుధవారం నాడు శాఖ డైరెక్టరుగారు ఇద్దరు గుమాస్తాలతో, ఒక స్టాప్‌వాచీతో దిగారు. బల్లలు తోస్తే గోడకు గీతలు పడుతున్నాయని నాలుగు నెలలుగా ఫిజియో అమ్మాయిని సతాయిస్తున్న ఆశ్రమం సూపరింటెండెంట్ ఆయనకు ఎదురెళ్ళి, వృద్ధులచేత డాన్సు చేయించాలన్నది తన చిన్ననాటి కోరిక అని చెప్పాడు. డైరెక్టరుగారు ఆ కోరికను ఫైల్లో రాసుకున్నారు.

తరవాత పరీక్ష సంగతి వివరించారు. చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవాలి. పదిహేను సెకన్ల లోపల చేసినవాళ్ళు దృఢ వృద్ధులు. చేయలేనివాళ్ళు బలహీన వృద్ధులు. పథకం బలహీనులకు మాత్రమే.

ఫిజియో అమ్మాయి చెయ్యెత్తింది. "సార్, డాన్సు చేస్తే బలహీనులు కూడా లేవగలుగుతారు కదా. అప్పుడేం చేస్తారు?"

"లబ్ధి పొందినట్టు రాసుకుని పేరు తీసేస్తాం."

"పేరు తీసేస్తే డాన్సు ఆగిపోతుంది. మళ్ళీ బలహీనపడతారు సార్."

"పడితే మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవచ్చమ్మా. ఈ ప్రభుత్వం ఎవరికీ తలుపులు మూయదు," అన్నారు డైరెక్టరుగారు చాలా దయగా.

వరసలో కూర్చున్న కండక్టర్ టైలరమ్మ వైపు వంగాడు. "చెల్లెమ్మా, లేవకు. రెండోసారికే కూలబడిపో. లేచావంటే నీకు ఈ హాలు ఉండదు."

తన వంతు రాగానే ఆయన ఒక్కసారి లేచి, రెండోసారికి నడుం పట్టుకుని, అమ్మో అని, కుర్చీలో వాలిపోయాడు. టిక్కెట్టు తీయకుండా నిద్ర నటించేవాళ్ళను ముప్ఫై ఏళ్ళు చూసిన అనుభవం ఊరికే పోలేదు. బలహీనత చాలా బాగుందని డైరెక్టరుగారు మెచ్చుకున్నారు.

టైలరమ్మ కూడా కూలబడదామనే కూర్చుంది. కాళ్ళు వెనక్కి లాగింది, ముందుకు వంగింది. ఎదురుగా గుమ్మం దగ్గర ఫిజియో అమ్మాయి నిలబడి ఉంది. ఆ పిల్ల తనకు తెలియకుండానే పెదాలతో ఒకటి, రెండు, మూడు అంటోంది. అంతే, టైలరమ్మ లేచింది. ఒకసారి లేచాక ఆ కాళ్ళు ఆగమన్నా ఆగలేదు. ఐదుసార్లు, పన్నెండు సెకన్లు. హాలంతా ఈలలు వేసింది. ఫిజియో అమ్మాయి నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. గుమాస్తా పుస్తకంలో అనర్హురాలు అని రాసి సంతకం పెట్టించుకున్నాడు.

సాయంత్రం దాకా టైలరమ్మ ఛాతీ విరుచుకునే తిరిగింది. రాత్రి భోజనాల దగ్గర సంగతి తెలిసింది. ఇకనుంచి హాలు పథకానిది. అనర్హులు అందులో అడుగు పెట్టడానికి లేదు.

అర్హులు అడుగు పెట్టారా అంటే, అదీ లేదు. ముందుగా హాలును పథకం స్థాయికి తీసుకురావాలన్నారు. గచ్చుకు పాలిష్ పెట్టారు. మొహం కనిపించేంత నునుపు వచ్చింది. పిల్లి కూడా ఆచితూచి నడిచేది. మనిషెత్తు అద్దాలు, నాలుగు పెద్ద సౌండు బాక్సులు, పెట్టెల నిండా డాన్సు బూట్లు వచ్చాయి. వచ్చాక వాటి భద్రత కోసం హాలుకు తాళం వేశారు. ప్రారంభోత్సవం దాకా ఎవరి భోజనం వాళ్ళ మంచం దగ్గరే.

ఈలోగా భద్రతా కమిటీ కూర్చుంది. బలహీన వృద్ధులు డాన్సు చేస్తే పడిపోయే ప్రమాదం ఉందని మూడు గంటలు చర్చించి కనిపెట్టింది. కాబట్టి మార్గదర్శకాలు వచ్చేదాకా లబ్ధిదారులు నిలబడకూడదు. అర్హులందరికీ నీలం బ్యాడ్జి, తలా ఒక చక్రాల కుర్చీ ఇచ్చారు. రోజూ పొద్దున్నే గేటు దాకా నడిచివెళ్ళి పేపరు తెచ్చుకునే కండక్టర్‌ను కూడా కూర్చోబెట్టారు. ఒకసారి అలవాటుకొద్దీ లేవబోతే గుమాస్తా పరుగెత్తుకొచ్చి, "తాతగారూ, లేస్తే పథకం పోతుంది," అని భుజాలు పట్టి కూర్చోబెట్టేశాడు.

మరి ప్రారంభోత్సవంలో డాన్సు ఎవరు చేస్తారు? ఇలాంటి చోటే డైరెక్టరుగారి బుర్ర పాదరసంలా పనిచేస్తుంది. వృద్ధుల తరఫున మంత్రిగారు సభలో మాట్లాడటం లేదా, అలాగే వృద్ధుల తరఫున శాఖ సిబ్బంది డాన్సు చేస్తారు అన్నారు. ప్రధాన కార్యాలయం నుంచి అరవై మందిని ఎంపిక చేసి, తెల్ల జుట్టు విగ్గులు పెట్టి, వరండాలో రిహార్సల్ మొదలుపెట్టారు. వాళ్ళ సగటు వయసు ముప్ఫై ఒకటి. చక్రాల కుర్చీల్లోని లబ్ధిదారులు రోజూ రెండు గంటలు వాళ్ళను చూడాలి. చూడటం వల్ల కూడా ఆరోగ్యం వస్తుందట.

ఫిజియో అమ్మాయి ఊరుకోలేదు. తన పదకొండు మందిని నడవాలో నిలబెట్టి గ్లాసులో ఫోను పెట్టింది. పావుగంటకే సూపరింటెండెంట్ ఒంటికాలి మీద లేచాడు. పథకం పరిధిలో లేని డాన్సు జరిగితే పథకం మీద జనానికి అపోహలు కలుగుతాయని ఒక సర్క్యులర్ తెచ్చి చూపించాడు. ఆనాటినుంచి టైలరమ్మ రోజుకు పదిసార్లు గోడ వెంబడి అటూ ఇటూ నడిచేది. నడకను ఏ సర్క్యులరూ ఇంకా పట్టించుకోలేదు.

మూడు వారాలకు హాలు తాళం తీసి, లోపల వేదిక వేసి, ప్రారంభోత్సవం పెట్టారు. మంత్రిగారు రెండు గంటలు ఆలస్యంగా వచ్చారు. ముందు వరసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంటే కెమెరాలో బాగుండదని సూపరింటెండెంట్ టైలరమ్మను తెచ్చి అందులో కూర్చోబెట్టి, కదిలితే ఒప్పుకోనని చెప్పి వెళ్ళాడు.

మంత్రిగారు వేదిక మెట్లు ఎక్కడం ఒక చూడముచ్చట. మెట్టుకొకరితో చేతులు కలుపుతూ, మెట్టుకొకరి క్షేమం అడుగుతూ ఎక్కారు. ఐదు మెట్లకు పది నిమిషాలు పట్టింది. ఎంత కలుపుగోలు మనిషో అని అందరూ మురిసిపోయారు. టైలరమ్మ చూపు మాత్రం అలవాటు ప్రకారం బట్టల మీద పడింది. నడుం నలభై నాలుగు. కుడి మోకాలి దగ్గర ప్యాంటు కుట్టు విప్పి నాలుగు వేళ్ళు వెడల్పు చేశారు. లోపల దళసరి పట్టీ ఉంది. ఎక్కిన ప్రతి మెట్టూ ఎడమ కాలితోనే ఎక్కారు.

వేదిక మీద అద్దెకు తెచ్చిన పెద్ద సోఫా. మెత్తగా, లోతుగా, నేలకు దగ్గరగా ఉంది. మంత్రిగారు అందులో కూర్చోగానే మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి.

"ఇప్పుడు మంత్రివర్యులు లేచి, తొలి అడుగు వేసి, నాట్యారోగ్యాన్ని ప్రారంభిస్తారు," అని డైరెక్టరుగారు మైకులో చెప్పారు. సౌండు బాక్సులు మోగాయి. అరవై విగ్గులు చేతులు పైకెత్తి ఎదురుచూశాయి.

మంత్రిగారు సోఫా చేతుల మీద చేతులు ఆనించి ఒక ఊపు ఊపారు. లేవలేదు. చిరునవ్వు నవ్వారు. మంత్రిగారు ఆలోచిస్తున్నారని డైరెక్టరుగారు ప్రకటించారు. రెండో ఊపూ అయింది. మంత్రిగారు వృద్ధులను చూసి చలించిపోయారని ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. మూడో ఊపుకు మంత్రిగారి చెవులు ఎర్రబడ్డాయి. పీఏ లేపబోతే కెమెరాల వైపు చూసి కళ్ళతోనే వద్దన్నారు. ఎత్తిన చేతులు దించడానికి లేక అరవై మంది వణుకుతున్నారు.

టైలరమ్మకు ఆ మొహం బాగా తెలుసు. బెల్లు నొక్కి, గుమ్మం వైపు చూస్తూ, ఎవరైనా వస్తారా, ఎవరూ చూడకుండా ఉంటే బాగుండు అనుకునే మొహం. మంత్రి సంగతి పక్కన పెడితే, ఆ మొహం మీద ఆవిడకు జాలేసింది. చేతుల సాయం లేకుండా లేచింది. సూపరింటెండెంట్ సైగలు చేస్తున్నా చూడకుండా మెట్ల పక్క కమ్మీ పట్టుకుని ఐదు మెట్లూ ఎక్కింది. సోఫా దగ్గర వంగి, రెండు చేతులూ చాచి మెల్లగా చెప్పింది.

"కాళ్ళు వెనక్కి లాగండి బాబూ. ముందుకు వంగండి. ముక్కు మోకాళ్ళు దాటాలి. భయం లేదు, నేనున్నాను. ఒకటి, రెండు, మూడు."

మంత్రిగారు లేచారు. లేచాక కూడా టైలరమ్మ చేతులు వదల్లేదు. అరచేతులు చెమటతో తడిసిపోయి ఉన్నాయి. ఆవిడ ఎడమకు, కుడికి, మళ్ళీ ఎడమకు మెల్లగా బరువు మార్పించింది. చూసేవాళ్ళకు అది డాన్సు. అరవై మందీ బతుకుజీవుడా అని ఆడటం మొదలుపెట్టారు.

"ఎక్కడ నేర్చుకున్నావమ్మా ఇది?" మంత్రిగారు చెవిలో అడిగారు.

టైలరమ్మ గుమ్మం దగ్గరున్న ఫిజియో అమ్మాయిని చూపించింది. "ఆ పిల్ల నేర్పింది బాబూ. మా హాలు మాకు ఇప్పించండి, అంతే చాలు."

"నేను చూసుకుంటాను," అన్నారు మంత్రిగారు. ఆ మాట అన్నప్పుడు ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. టైలరమ్మ అది దగ్గరినుంచి చూసింది కాబట్టి నమ్మింది.

మర్నాడు అన్ని పేపర్లలోనూ ఫోటో వచ్చింది. వంగిన టైలరమ్మ, ఆవిడ చేతులు పట్టుకుని నిటారుగా మంత్రిగారు. కుప్పకూలిన వృద్ధురాలిని చేయి పట్టి లేపిన మంత్రి అని కింద రాశారు. కండక్టర్ చదివి వినిపిస్తే టైలరమ్మ నవ్వింది. రాసుకోనీ అన్నయ్యా, హాలు వస్తే చాలు అంది.

మంత్రిగారు మరిచిపోయే మనిషి కాదు. మూడో రోజే ఆర్డరు వచ్చింది. పథకాన్ని ఉన్నత స్థాయిలో పర్యవేక్షించడం కోసం ఫిజియో అమ్మాయిని మంత్రిగారి నివాసానికి డిప్యుటేషన్ మీద పంపారు. వారానికి ఆరు రోజులు. వెళ్ళేముందు ఆ పిల్ల స్టీలు గ్లాసు తెచ్చి టైలరమ్మ మంచం పక్కన పెట్టింది. "నెలలో వచ్చేస్తాను అమ్మమ్మా. మీరు మాత్రం రోజూ లేస్తూ ఉండండి," అంది. హాలు తాళంచెవి డైరెక్టరుగారి దగ్గరే ఉండిపోయింది. ప్రారంభమైన పథకాన్ని రెండో దశ దాకా చెక్కుచెదరకుండా కాపాడాలట.

టైలరమ్మ కొన్నాళ్ళు మంచం పట్టె పట్టుకుని ఒక్కతే ఒకటి, రెండు, మూడు అనుకుంది. ఒకరోజు కాళ్ళు మడతపడి మంచం పక్కనే కూలబడింది. దెబ్బేమీ తగల్లేదు. సూపరింటెండెంట్ కంగారుపడిపోయాడు. పేపర్లో ఫోటో పడ్డ మనిషి పడిపోతే పథకానికే చెడ్డపేరు అని మంచానికి రెండువైపులా కమ్మీలు బిగించాడు. ఆయా వస్తేగాని దిగకూడదన్నాడు. గోడ వెంబడి నడక ఆగిపోయింది. రెండు నెలలు గడిచాక ఆవిడ మళ్ళీ దరఖాస్తు పెట్టుకుంది. గుమాస్తా స్టాప్‌వాచీ పట్టుకుని వచ్చాడు. టైలరమ్మ ఈసారి నిజంగా లేవాలని చూసింది. ఒక్కసారి కూడా లేవలేకపోయింది.

"అభినందనలు మామ్మగారూ, అర్హులయ్యారు," అని గుమాస్తా నీలం బ్యాడ్జి గుచ్చాడు. ఇకనుంచి నిలబడకూడదని గుర్తు చేసి వెళ్ళాడు.

ఆ తరవాతి వారం శాసనసభలో నాట్యారోగ్యం మీద ప్రశ్న వచ్చింది. నడవాలో టీవీ పెట్టి అందర్నీ దాని ముందుకు తెచ్చారు. చక్రాల కుర్చీలన్నీ వరసగా నిలిపారు. కండక్టర్ పక్కన టైలరమ్మ. ఆవిడ ఒడిలో స్టీలు గ్లాసు ఉంది.

బాత్‌రూంకని ఆవిడ ఆయాను పిలిచి అప్పటికే పావుగంటయింది. మళ్ళీ పిలిచింది. ఆయా టీవీ మీదినుంచి చూపు తిప్పకుండా, "ఒక్క నిమిషం మామ్మగారూ, మన పథకం గురించే," అంది.

ఈ పథకం వల్ల ఎంతమంది వృద్ధులు సొంతంగా లేచి నిలబడగలిగారో చెప్పాలని ప్రతిపక్షం వాళ్ళు నిలదీశారు. సభాధ్యక్షుడు మంత్రిగారిని జవాబు చెప్పమన్నారు. కెమెరా పక్కవైపునుంచి మంత్రిగారిని కాళ్ళతో సహా చూపించింది. ప్యాంటు మోకాలి దగ్గర కుట్టు మళ్ళీ బిగించి ఉండటం టైలరమ్మ గమనించింది. లోపల పట్టీ లేదు. బల్ల కింద ఆయన పాదాలు రెండూ మెల్లగా వెనక్కి జరిగాయి. తల ముందుకు వంగింది, ముక్కు మోకాళ్ళు దాటింది.

టైలరమ్మ కూడా కాళ్ళు వెనక్కి లాక్కుంది. కండక్టర్ ఆవిడ వైపు చూసి, తల తిప్పుకున్నాడు.

ఒకటి, రెండు, మూడు, అంది టైలరమ్మ.

టీవీలో మంత్రిగారు లేచారు.